కాంతితత్త్వవేత్త చంద్రశేఖర వేంకట రామన్

లోకమున గొప్ప వింతలను చూచి ఆశ్చర్యపడువారు పెక్కుమంది కలరు. ఎల్లరును చూచి విడిచిన చిన్న విషయమును పట్టుకొని, దాని కారణము తెలియువరకు విశ్రమింపనివారు కొందఱే యుందురు. లెక్కకు సరిపోక మిగిలిన స్వల్పశేషమును పారవేయక, అందే ప్రకృతి తన రహస్యమును దాచియుండునని నమ్మి, ఆ నమ్మకమును ఋజువు చేసిన మహనీయుడు చంద్రశేఖర వేంకట రామన్. ఆయన కన్నులకు లీలగా కనబడిన ఒక మసక వెలుగు, నేడు గాజుతంతువులలో పయనించు వార్తలకు బలము చేకూర్చుచున్నది. ఆయన జీవితకథ విద్యార్థులెల్లరు తెలిసికొనదగినది.

రామన్ తమిళదేశమున తిరుచిరాపల్లి చెంతనున్న తిరువానైక్కావలులో 1888వ సంవత్సరము నవంబరు 7వ తేదీన జన్మించెను. తండ్రి చంద్రశేఖర అయ్యరు ఉపాధ్యాయుడు. తల్లి పార్వతీ అమ్మాళ్. 1892లో చంద్రశేఖర అయ్యరుకు విశాఖపట్టణమున శ్రీమతి ఏ. వి. ఎన్. కళాశాలలో గణిత, భౌతికశాస్త్రములను బోధించు ఉద్యోగము లభించెను. ఆ కుటుంబము ఆంధ్రదేశమునకు వచ్చి విశాఖలో స్థిరపడెను. అప్పటికి రామన్ నాలుగేండ్లవాడు. ఆయన బాల్యమంతయు ఆ సముద్రతీర పట్టణముననే గడచెను. సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివి, పదునొకండవ యేట ప్రవేశపరీక్షయందు కృతార్థుడయ్యెను. తరువాత తండ్రి బోధించు కళాశాలలోనే చేరి, పదుమూడవ యేట ఎఫ్. ఏ. పరీక్షయందు కూడ ఉత్తీర్ణుడై విద్యార్థివేతనమును సంపాదించెను. ఇంటిలో గణితగ్రంథములు, భౌతికశాస్త్రగ్రంథములు ఉండెడివి. తండ్రి వీణియవంటి తంత్రీవాద్యమైన వయొలిను వాయించుచుండెను. శాస్త్రమునందును, సంగీతమునందును రామన్‌కు గల ప్రీతి ఆ యింటనే మొలకెత్తెను.

తరువాత ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరెను. వయస్సు చిన్నది, శరీరము కృశించినది. బి. ఏ. తరగతిలో కూర్చున్న ఆ బాలుని చూచి, ఇతడు దారి తప్పి వచ్చినాడేమోయని ఆచార్యుడొకడు సందేహించెనని చెప్పుదురు. కాని 1904లో పరీక్షాఫలితములు వెలువడినప్పుడు ఆ బాలుడే ప్రథముడుగా నిలిచి, స్వర్ణపతకమును అందుకొనెను. ఎం. ఏ. చదువుచుండగా ఒకనాడు గాజుపట్టకపు కోణమును కొలుచుచు, కాంతి అంచున ఏర్పడిన చారలు రెండు ప్రక్కల ఒకే తీరున లేకుండుటను ఆయన గమనించెను. ఇతరులైనచో పరికరములో లోపమని తలచి విడిచియుందురు. రామన్ విడువలేదు. దానిని శ్రద్ధతో పరిశోధించి వ్యాసము వ్రాసి ఇంగ్లండుకు పంపెను. అది 1906లో ఫిలసాఫికల్ మ్యాగజీన్ అను ప్రసిద్ధ పత్రికలో ప్రకటితమయ్యెను. అప్పటికి రచయిత పదునెనిమిదేండ్లవాడు. ఆయనకు ఆ పని నేర్పిన గురువు ఎవరును లేరు.

ఆ దినములలో మనదేశమున శాస్త్రపరిశోధన చేయువానికి జీవనోపాధి దొరకుట దుర్లభముగ నుండెను. ఉన్నతవిద్యకై విదేశములకు పోవుదమన్న, శరీరారోగ్యము ఆ శీతలదేశమునకు తట్టుకొనజాలదని మద్రాసు వైద్యాధికారి అభ్యంతరము చెప్పెను. కావున రామన్ ప్రభుత్వ ఆర్థికశాఖవారి పోటీపరీక్షకు కూర్చుండి, అందును ప్రథముడై 1907లో కలకత్తాలో ఉన్నతోద్యోగమున చేరెను. ఆ యేడే లోకసుందరితో ఆయనకు వివాహమయ్యెను. పందొమ్మిదవ యేటనే పెద్ద జీతము, గౌరవము, నిశ్చింతయైన జీవితము సమకూరెను. చాలమందికి జీవితలక్ష్యము ఇచటితో ముగిసియుండును.

కలకత్తాలో బౌబజారు వీధి వెంబడి పోవుచుండగా ఒక భవనముపై నున్న నామఫలకము రామన్ దృష్టి నాకర్షించెను. అది ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ అను సంస్థ. మహేంద్రలాల్ సర్కారు అను వైద్యుడు భారతీయులు తమ దేశముననే శాస్త్రపరిశోధన చేయవలెనను కోరికతో 1876లో దానిని స్థాపించియుండెను. కాని స్థాపకుడు కోరిన పరిశోధనము ఇంకను సాగుట లేదు. పరికరములు దుమ్ము పట్టియుండెను. రామన్ లోనికిపోయి పనిచేయుటకు అనుమతి నడిగెను. నిర్వాహకులు ఆనందముతో ఆహ్వానించిరి.

నాటినుండి ఆయన దినచర్య మారిపోయెను. తెల్లవారకముందే ప్రయోగశాలకు పోవును. ఉదయము ఇంటికి వచ్చి భుజించి కచ్చేరికి పోవును. సాయంకాలము కచ్చేరినుండి తిన్నగ ప్రయోగశాలకు వచ్చి రాత్రి ప్రొద్దుపోవువరకు పనిచేయును. సెలవుదినములన్నియు అచటనే గడపును. ఆశుతోష్ డే అను సహాయకు డొక్కడే ఆయనకు తోడు. నడుమ రంగూనుకు, నాగపూరునకు బదిలీయైనను పరిశోధన మానలేదు. 1911లో మరల కలకత్తాకు వచ్చెను. వయొలిను తంత్రులు, మృదంగము, తబలా ఆయన పరిశోధనకు విషయములయ్యెను. సాధారణముగ చర్మవాద్యముల నాదము కలగాపులగముగ నుండును. మృదంగమునకు నడుమనుంచు నల్లని ముద్ద ఆ చర్మపు బరువును సర్ది, నాదమును తంత్రీనాదమువలె శ్రుతిశుద్ధముగ చేయునని ఆయన నిరూపించెను. మన పూర్వుల కౌశలమునకు శాస్త్రప్రమాణము అట్లు లభించెను.

ఇట్లు పదేండ్లు గడచెను. కలకత్తా విశ్వవిద్యాలయమునకు అధిపతిగ నుండిన ఆశుతోష్ ముఖర్జీ, రామన్ ప్రజ్ఞను గుర్తించి భౌతికశాస్త్రమున పాలిత్ ఆచార్యపదవిని స్వీకరింపుమని కోరెను. ఆ పదవికి వేతనము ప్రభుత్వోద్యోగపు జీతముకంటె ఎంతయో తక్కువ. ఆర్థికశాఖలో ముందుముందు రాదగిన పదవులు మిక్కిలి పెద్దవి. ఒకవైపు ధనము, అధికారము. రెండవవైపు మసక వెలుతురు నిండిన ప్రయోగశాల. ఇంకొక చిక్కు కూడ కలదు. ఆ పీఠమెక్కువాడు విదేశమున శిక్షణ పొందవలెనని దాత విధించిన నియమము. స్వదేశముననే నేర్చినవాడను, శిక్షణకై పరదేశమునకు పోనని రామన్ పట్టుబట్టెను. ముఖర్జీ ఆ నియమమును సడలింపజేసెను. 1917లో రామన్ ఉన్నతోద్యోగమును త్యజించి ఆచార్యుడయ్యెను. లోకసుందరి భర్త నిర్ణయమునకు అడ్డు చెప్పలేదు.

1921లో విశ్వవిద్యాలయముల మహాసభకు ప్రతినిధిగ రామన్ ఇంగ్లండునకు పోయెను. అది ఆయన తొలి విదేశప్రయాణము. తిరుగుప్రయాణమున నార్కుండా అను ఓడపై మధ్యధరాసముద్రమును దాటుచుండగా, ఆ నీటి గాఢనీలవర్ణము ఆయన మనస్సును పట్టివేసెను. సముద్రము నీలముగ నుండుటకు ఆకాశము అందు ప్రతిఫలించుటయే కారణమని లార్డ్ రేలీ అను మహాశాస్త్రజ్ఞుడు చెప్పియుండెను. లోకమంతయు దానిని అంగీకరించియుండెను. రామన్‌కు మాత్రము అనుమానము కలిగెను. ఆయన వెంట నికల్ పట్టకమను చిన్న సాధనము ఉండెను.

ఈ పట్టకముయొక్క పని తెలియుటకు చక్కెర కర్మాగారమును తలచుకొనుట మంచిది. నిజామాబాదు జిల్లాలో మంజీరానదిపై నిజాంసాగరము 1931లో పూర్తియైన పిమ్మట ఆ కాలువల క్రింద చెఱకు విరివిగ పండెను. బోధనులో 1937లో నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. అది 2015లో మూతపడువఱకు ఆ ప్రాంతపు రైతుల బండ్లు చెఱకుతో దానికి తరలుచుండెను. అట్టి కర్మాగారముల ప్రయోగశాలలలో చెఱకురసమునందు చక్కెర ఎంతయున్నదో నిర్ణయించుటకు కాంతినే వాడుదురు. కాంతి సాధారణముగ అన్ని దిక్కులకు కంపించుచు నడచును. నికల్ పట్టకము ఒక్క దిక్కున కంపించు కాంతిని మాత్రము పోనిచ్చి తక్కినదానిని ఆపును. అట్లు ఏకముఖమైన కాంతిని చక్కెరనీటి గుండ పంపినచో ఆ దిక్కు కొంత మెలి తిరుగును. ఎంత మెలి తిరిగినదో కొలిచినచో చక్కెర ఎంతయో తెలియును. నేటి యంత్రములలో ఆ పట్టకమునకు మాఱుగ ఇతర సాధనములు వచ్చినను సూత్రము అదియే.

నీటి ఉపరితలమునుండి ఒక నియత కోణమున ప్రతిఫలించు కాంతియు ఇట్లే ఏకముఖమై యుండును. దానిని నికల్ పట్టకముతో పూర్తిగ ఆపవచ్చును. రామన్ ఓడ అంచున నిలిచి, పట్టకమును కంటికడ నుంచి, ప్రతిఫలించిన ఆకాశపు కాంతిని తొలగించి నీటిని చూచెను. రేలీ చెప్పినది నిజమైనచో నీలవర్ణము మాయము కావలెను. కాని అది మాయము కాలేదు, మఱింత గాఢమయ్యెను. ఆ వర్ణము నీటి లోపలనుండియే వచ్చుచున్నదని స్పష్టమయ్యెను. నీటియణువులు సూర్యకాంతిని అన్ని వైపులకు చెదరగొట్టును. ఆ చెదరుటయందు నీలికాంతి పాలు హెచ్చు. నీరు ఎఱ్ఱని కాంతిని కొంత మ్రింగివేయుట కూడ ఈ నీలిమకు ముఖ్యకారణమని నేడు మనకు తెలియును. ఓడ బొంబాయి రేవు చేరునప్పటికే రామన్ తన పరిశీలనను వ్రాసి పత్రికకు పంపుటకు సిద్ధపఱచెను.

కలకత్తా చేరిన పిమ్మట ఆయన శిష్యబృందముతో కాంతి పరిక్షేపణమును, అనగా అణువులు కాంతిని చెదరగొట్టుటను, విస్తారముగ పరిశోధింప మొదలిడెను. నీరు, మంచుగడ్డ, ఆవిరులు, ద్రవములు, స్ఫటికములు, గాజు అన్నియు పరీక్షకు వచ్చెను. గాజును గూర్చి ఆయన చేసిన కృషి ప్రత్యేకముగ చెప్పదగినది. గాజు చూచుటకు ఘనపదార్థము. కాని లోపల అణువుల అమరిక ద్రవమునందువలె క్రమము లేనిది. ఎంత నిర్మలమైన గాజైనను తన గుండ పోవు కాంతిని కొంత చెదరగొట్టును. దానికి మలినములే కారణము కానక్కరలేదు; గాజుయొక్క నిర్మాణమే కారణము. 1927లో ఆయన ఈ విషయముపై వ్రాసిన వ్యాసము అమెరికాదేశపు పత్రికలో వెలువడెను. నాటికి గాజుతంతువులలో దూరమునకు వార్తలు పంపు పద్ధతి వాడుకలో లేదు. కాని నేడు ఆ తంతువులలో కాంతి తఱుగుటకు ముఖ్యకారణములలో నొకటి ఆ చెదరుటయే.

ఈ పరిశోధనలలోనే ఆ స్వల్పశేషము తలయెత్తెను. ద్రవముపై పడిన కాంతి చెదరినప్పుడు దాని రంగు మారరాదని అప్పటి సిద్ధాంతము. 1923లో రామన్ శిష్యుడు రామనాథన్ ద్రవములను పరీక్షించుచుండగా, చెదరిన కాంతిలో మరియొక రంగు మిక్కిలి మసకగ కనబడెను. ద్రవములో మలినము లుండుటచే అది కలిగినదేమోయని మరల మరల శుద్ధిచేసిరి. ఎన్ని మారులు శుద్ధిచేసినను ఆ మసక వెలుగు పోలేదు. దానికి సమాధానము దొరకలేదు. అయినను రామన్ దానిని మఱచిపోలేదు. ఇతర పనులు సాగుచున్నను ఆ ప్రశ్న ఆయన మనస్సున ముల్లువలె నిలిచియుండెను.

ఆ కాలముననే అమెరికాలో కాంప్టన్ అను శాస్త్రజ్ఞుడు, ఎక్సు కిరణములు చెదరునప్పుడు వాని తరంగదైర్ఘ్యము మారుటను కనుగొనెను. 1927లో రామన్ కొలదిదినములు వాల్తేరునకు వచ్చి, అచట కాంప్టన్ ఫలితమును గూర్చి ఆలోచించి ఒక వ్యాసము రచించెను. బాల్యమున తాను పెరిగిన తీరమే ఆ యాలోచనకు చోటయ్యెను. ఎక్సు కిరణములకు జరిగినది కంటికి కనబడు కాంతికి మాత్రము ఏల జరుగరాదు? ఆ మసక వెలుగు దానికి గుర్తు కాదా? ఆ యేటి చివర వేంకటేశ్వరన్ అను శిష్యుడు శుద్ధమైన గ్లిసరినులో ఆ వెలుగును పరీక్షించి, అది ఏకముఖకాంతియని తెలిపెను. మలినములచే కలుగు వెలుగునకు ఆ లక్షణము అంతగా ఉండదు. ఇక సందేహము బలపడెను.

1928వ సంవత్సరపు ఆరంభమున రామన్ తన ప్రియశిష్యుడైన కె. యస్. కృష్ణన్‌ను ఈ పనిలో నియోగించెను. వారి పరికరములు మిక్కిలి సామాన్యమైనవి. దూరదర్శిని కటకముతో సూర్యకాంతిని ఒకచోట చేర్చి, నీలవర్ణపు గాజుపలక గుండ పంపి, శుద్ధద్రవముగల సీసాపై పడనిచ్చిరి. చూచు కంటికి ముందు ఆకుపచ్చని పలక నుంచిరి. మొదటి పలక పోనిచ్చిన కాంతిని రెండవ పలక పూర్తిగ ఆపును. కాంతి రంగు మారకున్నచో కంటికి చీకటియే కనబడవలెను. కాని ఆకుపచ్చని సన్నని జాడ కనబడుచునే యుండెను. కృష్ణన్ అఱువదికి పైగా ద్రవములను పరీక్షించెను. అన్నిటను అదే జాడ. ఫిబ్రవరి 28వ తేదీన వర్ణపటదర్శినితో చూడగా, పంపిన కాంతికిని క్రొత్త కాంతికిని నడుమ చీకటి ఎడము స్పష్టముగ గోచరించెను. ఐదేండ్లుగ వెంటాడిన శేషము సత్యమై నిలిచెను. మఱునాడే ఈ వార్త లోకమునకు వెల్లడియయ్యెను. మార్చి 16వ తేదీన బెంగుళూరులో రామన్ ఉపన్యసించుచు పాదరసదీపపు కాంతితో లభించిన క్రొత్త రేఖలను వివరించెను. ఈ ప్రయోగపు పరికరములకు సుమారు 200 రూపాయలు మాత్రమే వ్యయమైనదని చెప్పుదురు.

ఈ ఫలితమునకు రామన్ ఫలితమని పేరు. దాని తత్త్వము సులభముగ గ్రహింపవచ్చును. ప్రతి పదార్థములోను అణువులు ఊరక యుండవు. వీణతంత్రివలె తమతమ స్థాయిలలో కంపించుచుండును. కాంతికణము అణువును తాకినప్పుడు, సాధారణముగ తన శక్తిని పోగొట్టుకొనక ప్రక్కకు మరలును. కోటికి ఒకటియన్నట్లు, మిక్కిలి కొలది కణములు మాత్రము, సుంకపుగట్టువద్ద బాటసారి కొంత సొమ్ము చెల్లించి పోయినట్లు, అణువునకు కొంతశక్తిని అర్పించి తగ్గినశక్తితో వెలువడును. శక్తి తగ్గుటచే రంగు మారును. ఒక్కొక్కప్పుడు కంపించు అణువే తన శక్తిని కాంతికి ఒసగుటయు కలదు. చెల్లించిన సుంకమెంతయో చూచి ఏ గట్టు దాటివచ్చెనో చెప్పగలిగినట్లు, మారిన రంగును కొలిచి ఆ పదార్థమేదో చెప్పవచ్చును. అదే కాలమున రష్యాదేశమున లాండ్స్‌బర్గ్, మాండెల్‌ష్టామ్ అనువారు స్ఫటికములో ఈ విశేషమునే చూచిరి. కాని వారి ప్రకటన తరువాత వెలువడెను.

1929లో ప్రభుత్వమువారు రామన్‌కు సర్ బిరుదు నిచ్చిరి. 1930లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. విజ్ఞానశాస్త్రములలో ఆ బహుమానమును పొందిన ఆసియావాసులలో ఆయనయే ప్రథముడు. తలపాగా ధరించిన ఆ భారతీయుడు స్టాక్‌హోము సభలో నిలిచినప్పుడు, పరాధీనమైన దేశమునకు తన శక్తిపై విశ్వాసము కలిగెను. అయినను ఈ విజయము ఒక్కనిది కాదు. రామనాథన్ మొదట చూచెను, వేంకటేశ్వరన్ బలపఱచెను, కృష్ణన్ రేయింబవళ్లు శ్రమించెను. వీరందఱిని ఒక ప్రశ్నయొద్ద నిలిపి ఉంచిన పట్టుదల రామన్‌ది.

ఆయన కీర్తి విని మేధావులైన యువకులు దేశపు నలుమూలలనుండి కలకత్తా చేరుచుండిరి. వారిలో తెలుగుబిడ్డ సూరి భగవంతం ఒకడు. కృష్ణామండలపు ఆగిరిపల్లిలో పుట్టి, హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో ఆయన రామన్ శిష్యుడయ్యెను. 1931లో గురుశిష్యులిరువురు కాంతికణముయొక్క భ్రమణమును గూర్చి ప్రసిద్ధమైన ప్రయోగము చేసిరి. తరువాత భగవంతం వాల్తేరులో ఆచార్యుడై, 1952లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడయ్యెను. ఇట్లు రామన్ వెలిగించిన దీపము తెలుగుదేశమున నలుదెసల వెలుగు నింపెను.

1933లో రామన్ బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు అధ్యక్షుడయ్యెను. ఆ పదవి నలంకరించిన తొలి భారతీయుడాయన. 1934లో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌ను స్థాపించెను. ఆయన ముక్కుసూటి మనిషి. అనుకొన్నది వెంటనే అనెడివాడు. ఆ గుణము ఆయనకు విరోధులను కూడ తెచ్చిపెట్టెను. సంస్థ నిర్వహణలో భేదాభిప్రాయములు పెరుగగా 1937లో అధ్యక్షపదవిని విడిచి, 1948 వఱకు ఆచార్యుడుగ మాత్రము పనిచేసెను. అటుపిమ్మట తన పేర వెలసిన రామన్ పరిశోధనాలయమున వజ్రములు, రత్నములు, పూలరంగులు పరిశీలించుచు కాలము గడపెను. 1954లో భారతరత్న బిరుదు లభించెను. బాలబాలికలకు ఉపన్యాసము లిచ్చుట ఆయనకు మిక్కిలి ఇష్టము. 1970వ సంవత్సరము నవంబరు 21వ తేదీన ఆ మహాపురుషుడు పరమపదించెను. ఆయన కోరిక మేరకు తాను పెంచిన తోటలోనే అంత్యక్రియలు జరిగెను. ఆయన కనుగొన్న ఫలితమునకు జ్ఞాపకముగ 1987 నుండి ఫిబ్రవరి 28వ తేదీని జాతీయ విజ్ఞానదినముగ జరుపుకొనుచున్నాము.

రామన్ మరణించిన 1970లోనే అమెరికాలోని కార్నింగ్ సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు, దూరపు వార్తలకు పనికివచ్చునంత నిర్మలమైన గాజుతంతువును తయారుచేసిరి. తలవెంట్రుకవలె సన్ననైన ఆ తంతువులో కాంతి ఎట్లు నిలిచియుండును? బావిలో మునిగి పైకి చూచిన ఈతగానికి, తలపైనున్న కొంతమేర మాత్రమే ఆకాశము కనబడును. దాని చుట్టును నీటి ఉపరితలము అద్దమువలె తోచును. నీటిలోపలనుండి మిక్కిలి ఏటవాలుగ వచ్చు కాంతి గాలిలోనికి పోజాలక మరల లోనికే త్రిప్పబడుటయే దీనికి కారణము. గాజుతంతువులో నడిమి గాజునకును చుట్టునున్న గాజునకును గల స్వల్పభేదమే ఇట్టి అద్దమగును. కాంతి అందు చిక్కి, గట్లనడుమ కాలువనీరువలె, వంపులున్నచోటను సాగిపోవును. కావున అట్టి గాజును తరంగవాహికయందురు.

అయినను ఎంత నిర్మలమైన గాజైనను కాంతి క్రమముగ తఱుగును. నేటి మేలైన తంతువులో సుమారు 15 కిలోమీటర్లు పోవుసరికి కాంతి సగమగును. 100 కిలోమీటర్లు పోవుసరికి నూఱవపాలు మిగులును. పూర్వము నడుమనడుమ యంత్రము లుంచి, కాంతిని విద్యుత్తుగ మార్చి, బలపఱచి, మరల కాంతిగ మార్చి పంపుచుండిరి. కాంతినుండి దిగకయే కాంతిని బలపఱచుట సాధ్యము కాదా యని శాస్త్రజ్ఞులు యోచించిరి. దానికి వారికి లభించిన మార్గములలో నొకటి రామన్ ఫలితము. 1972లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో స్టోలెన్, ఇప్పెన్ మొదలగువారు గాజు తరంగవాహికలలో దీనిని నిరూపించిరి.

దాని విధానమిది. వార్తను మోయు బలహీనకాంతి తరంగదైర్ఘ్యము 1550 నానోమీటర్లు అనుకొందము. అదే తంతువులో సుమారు 1450 నానోమీటర్ల బలమైన వేఱొక కాంతిని పంపుదురు. ఆ బలమైన కాంతి గాజు అణువులకు సుంకము చెల్లించి తగ్గినప్పుడు, సరిగా వార్తాకాంతి తరంగదైర్ఘ్యమునకే దిగును. వార్తాకాంతి అచట ముందే యుండుటచే, క్రొత్తగ వెలువడు కాంతి దానితో ఏకమై అడుగు కలుపును; వార్త బలపడును. విద్యుత్తుగ మారవలసిన పని లేదు; గాజే నడుమ నిలిచి ఒక కాంతి శక్తిని మరొక కాంతికి అందించును. గాజులో అణువుల అమరికకు క్రమము లేనందున వాని కంపనములు ఒక్క స్థాయిలో గాక విస్తారముగ వ్యాపించియుండును. కావున అనేక వర్ణముల వార్తలను ఒకేమారు బలపఱచవచ్చును. 1927లో రామన్ ఏ క్రమరాహిత్యమును పరిశీలించెనో, అదియే ఇచట వరమయ్యెను.

సీసాలో కోటికి ఒకటిగ కనబడిన ఆ మసక వెలుగు ఇంతటి పని ఎట్లు చేయగలిగెనని సందేహము కలుగవచ్చును. సన్నని తంతువులో కాంతి ఇఱుకున చిక్కియుండును. మైళ్లకొలది దూరము గాజుతో కలిసి నడచును. అడుగడుగున కలుగు అల్పలాభము కూడి కూడి పెద్ద మొత్తమగును. గంధకము, సెలీనియము, ఆర్సెనిక్ మొదలగువానితో చేసిన ప్రత్యేకపు గాజులలో ఈ ఫలితము సాధారణపు గాజులోకంటె వందలరెట్లు ఎక్కువ. అట్టి గాజులలో ఒక కాంతితో మరొక కాంతిని బలపఱచుట, మార్చుట, ఒక వర్ణపు వార్తను వేఱొక వర్ణమునకు ఎక్కించుట మొదలగు పనులను విద్యుత్తు సాయములేకయే సాధించుటకు ప్రపంచమున పలుచోట్ల పరిశోధనలు సాగుచున్నవి. దూరదేశముల నడుమ వార్తలు మోయు తంతుమార్గములలో కొన్నిట రామన్ ఫలితముచే కాంతిని బలపఱచు పద్ధతి వాడుకలోనికి వచ్చియున్నది. నిజామాబాదులోని బాలుడు దూరదేశమందున్న అన్నతో మాటలాడునప్పుడు, ఆ మాటలు గాజుతంతువులలో వెలుగై పయనించుచుండును.

ఈ ప్రయోజనములలో ఒక్కటియు రామన్ ఊహించి పని చేయలేదు. సముద్రము నీలముగ ఏల నున్నది, గాజు కాంతిని ఏల చెదరగొట్టును, శుద్ధిచేసినను ఆ మసక వెలుగు ఏల పోదు అను ప్రశ్నలే ఆయనను నడపినవి. వానికై ధనమును విడిచెను, నిద్రను విడిచెను, మహాపండితుల మాటనైనను పరీక్షింపక అంగీకరింపలేదు. గొప్ప యంత్రములు లేవని చింతింపలేదు. తన కన్నులను, తన దేశపు సూర్యకాంతిని నమ్మెను.

లెక్క చేసినప్పుడు మిగిలిన శేషమును తుడిచివేయు విద్యార్థి సమాధానమును మాత్రము చూచును. ఆ శేషము ఎచటనుండి వచ్చెనని అడుగు విద్యార్థి లెక్కను తెలిసికొనును. రామన్ ఆ రెండవ తెగకు చెందినవాడు. చెఱువునీటిలోను, చెఱకుతోటపై క్రమ్మిన ఉదయపు మంచులోను, కిటికీ అద్దపు అంచున మెఱయు రంగులోను నేటికిని సమాధానములేని చిన్న ప్రశ్నలు కలవు. వానిని అడుగుటకు సిరిసంపదలు అక్కరలేదు. అడిగి విడువని మనస్సు కావలెను.